బోర్దిన్ గారి పాపిరో

పన్నెండేళ్ళుగా ఎదురుపడితే తల తిప్పుకుపోయిన మనిషి ఫోన్ చేసి, "ఎలా ఉన్నావ్ ఓర్నెల్లా, ఒంట్లో బాగుందా" అని అడిగాడంటే ఏదో అవసరం పడిందనే అర్థం. ఓర్నెల్లా కల్లెగారోకి ఆమాత్రం తెలియక కాదు. తెలిసీ ఫోన్ పెట్టేయలేదు. రెనాటో బోర్దిన్ గొంతు వినగానే ఆమెకు కోపం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ కోపం ఇంత తాజాగా ఉన్నందుకు ఆమెకు లోలోపల సంతోషం కూడా వేసింది.

"బాగానే ఉన్నానండీ," అంది.

"నాకు యూనివర్సిటీ వాళ్ళు గౌరవ పట్టా ఇస్తున్నారు. విన్నావా?"

"ఊరంతా అదే మాట కదండీ. రొట్టెల కొట్టువాడు కూడా చెప్పాడు."

"అయితే నాకో పాపిరో రాసిపెట్టాలి నువ్వు."

ఇటలీలోని ఆ పాదువా ఊళ్ళో పట్టా పుచ్చుకున్నవాడెవడూ పరువుతో ఇంటికి పోడు. నెత్తిన లారెల్ ఆకుల కిరీటం పెట్టి, ఒంటికి ఏ దుప్పటో, నైటీయో తగిలించి, నడివీధిలో నిలబెడతారు స్నేహితులు. చేతిలో నిలువెత్తు కాగితం పెడతారు. అదే పాపిరో. పైన వాడి వికారపు బొమ్మ, కింద పుట్టిన దగ్గర్నుంచి వాడు చేసిన వెధవ పనులన్నీ ప్రాసల్లో. వాడు అంతకుముందు దాన్ని చూసి ఉండకూడదు. అందరి ముందూ గొంతెత్తి మొదటినుంచి చివరిదాకా చదవాలి. నాలుక తడబడితే ఒక గుక్క తాగించి మళ్ళీ చదివిస్తారు. మధ్యలో ఆపితే జనం ఊరుకోరు. పాపిరోలో ఎంత బురద ఉంటే అంత మంది స్నేహితులున్నట్టు లెక్క. ఎవరూ రాయకపోతే వాడికి ఎవరూ లేరని అర్థం.

అయితే ఇదంతా పాతికేళ్ళ కుర్రకారుకి. గౌరవ పట్టాలు పుచ్చుకునే పెద్దమనుషులకు ఒక ప్రసంగం, ఒక విందు, అంతే. బోర్దిన్‌కి మాత్రం రెండూ కావాలి.

"టీవీ వాళ్ళొస్తున్నారు," అన్నాడాయన. "డెబ్బై ఏళ్ళవాడు పిల్లల్తో పాటు వీధిలో నిలబడి పాపిరో చదివితే ఎంత బాగుంటుందో ఆలోచించు. నీ నాలుక సంగతి నాకు తెలీదా. ఉప్పూ కారం దట్టించు. నేనేమీ అనుకోను."

"ఏదైనా రాయొచ్చా?"

"ఏదైనా. ముందుగా నాకు చూపించకు కూడా. కెమెరా ముందే చూడాలి, అప్పుడే మజా." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "ఇంకో మాట. మన పాత స్కూల్లో సెప్టెంబరుకి ఒక లాటిన్ పోస్టు ఖాళీ అవుతోంది. ఇప్పుడున్న ప్రిన్సిపాల్ నేను కూర్చోబెట్టినవాడే. నీకు ఇంకా రెండేళ్ళుంది కదా పెన్షన్‌కి. వంటవాళ్ళకి వ్యాసాలు చెప్పుకుంటూ ముగిస్తావా, లాటిన్ చెబుతూ ముగిస్తావా?"

క్షమించమని అనలేదు. తప్పు జరిగిందని అనలేదు. పోస్టు ఇప్పిస్తానన్నాడు, అంతే.

"రాస్తానండీ," అంది ఓర్నెల్లా.

*

ఆమె పాత స్కూల్లో లాటిన్ చెప్పిన రోజుల్లో, లాటిన్ చచ్చిపోయిన భాష అని ఎవరన్నా అంటే ఆమెకు ఒళ్ళు మండేది. "చచ్చిపోతే శవం ఏదీ? చూపించండి, పూడ్చిపెట్టి వద్దాం," అనేది. గురువారం గురువారం పిల్లల్ని క్లాసులోంచి వీధిలోకి తీసుకుపోయేది. చర్చి గోడలో ఇరికించిన రోమన్ల సమాధి రాయి దగ్గర ఆపి, ఏనాడో చచ్చిపోయిన ఒక ఆడమనిషి దారిన పోయేవాళ్ళతో తన గోడు చెప్పుకుంటూ దాని మీద చెక్కించుకున్న మాటలు చదివించేది. ఎన్నికల పోస్టరు ముందు ఆపి, ఓట్లడిగేవాణ్ణి 'కాందిదాతో', అంటే తెల్లబట్టలవాడు, అని ఎందుకంటాం, రోములో వాడు తెల్లగా సున్నం కొట్టిన బట్టలు కట్టుకుని చేతులు కలిపేవాడు కనక, ఇప్పుడు బట్టలు మానేసి మొహానికి కొట్టుకుంటున్నాడు అని చెప్పేది. పిల్లలు నవ్వుతూ నేర్చుకునేవాళ్ళు. నవ్వుతూ నేర్చుకున్నది ఊడిపోదని ఆమె నమ్మకం.

ఒక గురువారం ప్రిన్సిపాల్ బోర్దిన్ కూడా వెంట వచ్చాడు. పేపరువాళ్ళు ఫోటో తీస్తామన్నారు కనక వచ్చాడు. గోడలో ఎత్తున ఉన్న ఒక రాతి దగ్గర, మరమ్మతు పనివాళ్ళు వదిలేసిన నిచ్చెన ఉంది. ఓర్నెల్లా అవతలి పక్కన పిల్లల్ని రోడ్డు దాటిస్తోంది. బోర్దిన్ ముందు నిలబడ్డ పిల్లని, మార్తా ఫవరెత్తోని, పిలిచాడు. ఫోటోగ్రాఫరు వచ్చేలోపు పైకెక్కి అక్షరాల మీద వేలు పెట్టి నిలబడితే బాగుంటుందన్నాడు. తనే నిచ్చెన పట్టుకున్నాడు. పిల్ల పైదాకా వెళ్ళింది. అప్పుడు ఆయన ఫోన్ మోగింది. ఒక చేత్తో జేబు తడుముకున్నాడు, రెండో చెయ్యి కూడా వదిలేశాడు, మాట్లాడుకుంటూ మూల తిరిగాడు. ఓర్నెల్లా రోడ్డుకి అవతలనుంచి అంతా చూసింది. అరిచింది కూడా. నిచ్చెన జారడం ఆ అరుపు కంటే ముందే అయిపోయింది.

మార్తా మోకాలు మళ్ళీ సరిగ్గా వంగలేదు.

విచారణలో బోర్దిన్ ఆ ఉదయం తన గదిలోనే ఉన్నానన్నాడు. సాక్షి కూడా ఉన్నాడు, కాఫీ అందించిన అటెండరు. ఆ అటెండరు మార్తా వాళ్ళ నాన్న. ఏటికేడాది పొడిగిస్తే తప్ప ఉండని ఉద్యోగం ఆయనది. కూతురు ఆసుపత్రిలో ఉండగానే వచ్చి, ప్రిన్సిపాల్ గారికి కాఫీ నేనే ఇచ్చాను అని చెప్పి, నేల చూస్తూ వెళ్ళిపోయాడు. పిల్లలెవరూ ప్రిన్సిపాల్ మీద నోరు విప్పలేదు, మార్తా కూడా. పిల్ల తనంతట తనే ఎక్కిందని తేలింది. టీచరు పిల్లల్ని పట్టించుకోలేదని తేలింది. ఓర్నెల్లాని ఊరి చివర వంటా హోటలు పనీ నేర్పే స్కూలుకి బదిలీ చేశారు, ఇటాలియన్ వ్యాసాలు దిద్దడానికి. అక్కడ లాటిన్ లేదు.

ఏడాది తిరిగేసరికి బోర్దిన్ టీవీలో కనిపించాడు. ఆదివారం పొద్దున్న, చర్చి గోడ పక్కన నిలబడి, చెయ్యి ఊపుతూ అన్నాడు: "లాటిన్ చచ్చిపోయిందంటారు. చచ్చిపోతే శవం ఏదీ?" జనం చప్పట్లు కొట్టారు. ఓర్నెల్లా సోఫాలో కూర్చుని ఆ చప్పట్లు విన్నది. ఆ రాళ్ళు ఆవిడవి, ఆ దారి ఆవిడది, ఆ తెల్లబట్టల జోకు ఆవిడది. ఆయన అన్నీ వరసగా, ఎక్కడా తడబడకుండా చెప్పాడు. చదువుకున్న దొంగ ఎప్పుడూ వరస తప్పడు.

ఆమె ఊరుకోలేదు. అడిగిన ప్రతివాడికీ చెప్పింది, అడగనివాళ్ళకీ చెప్పింది. విన్నవాళ్ళు పాపం అన్నట్టు చూసి, అవతలికి పోయాక "కుళ్ళు" అనుకున్నారు. రెండేళ్ళకి ఆమెకు అర్థమైంది. తన నోట్లోంచి వస్తే అది ఏడుపు కిందే లెక్క. అదే మాట ఆయన నోట్లోంచి వస్తే తప్ప నిజం కాదు. ఆయన నోట్లోంచి ఎలా వస్తుంది?

*

వంటల స్కూల్లో కూడా ఆమె చేతులు కట్టుకు కూర్చోలేదనుకోండి. ఉల్లిపాయలు తరుగుతున్న పిల్లల మధ్య నిలబడి ఆలివ్ నూనె సీసా ఎత్తి, "ఇక్కడ 'ఎక్స్‌ట్రా' అని ఎవరు రాశారు?" అని అడిగేది. కంపెనీవాడు అనేవాళ్ళు. "కాదు, రోమువాడు. మీరు నూనె కొన్నప్పుడల్లా లాటిన్ చదువుతున్నారు, మార్కులు మాత్రం వెయ్యడం లేదు నేను."

"టీచర్, మరి లాటిన్ తెలిస్తే జీతం పెరుగుద్దా?" అనేవాడు ఒకడు.

"పెరగదు. కాని నీ జీతం ఎవడు కొట్టేస్తున్నాడో కాస్త తొందరగా తెలుస్తుంది."

అలా దొంగతనంగా, గరిటెల చప్పుడులో, రోజుకో ముక్క చెప్పి పన్నెండేళ్ళు గడిపింది. అయినా అది లాటిన్ క్లాసు కాదు. నల్లబల్ల ముందు నిలబడి, వెనక బెంచీలో వాడు మొదటిసారి ఒక పూర్తి వాక్యాన్ని తనంతట తాను విప్పుకుని తలెత్తి చూసే చూపు కోసం ఆమె ఇప్పటికీ మొహం వాచి ఉంది. ఫోన్ వచ్చిన మర్నాడు పనిగట్టుకుని పాత స్కూలు వీధిలోంచి నడిచింది. పై అంతస్తు కిటికీలోంచి పిల్లలు ఏదో వల్లె వేస్తున్న గోల వినబడింది. అది అయిపోయేదాకా ఆమె అక్కడే నిలబడి విన్నది. సెప్టెంబరులో ఆ గదిలో ఉండొచ్చు. ఒక నవ్వొచ్చే పాపిరో రాస్తే చాలు. ఇంటికెళ్ళి మొదలుపెట్టింది.

రాయడం మొదలుపెడితే పన్నెండేళ్ళ విషమంతా ప్రాసల్లో కారింది. బోర్దిన్ పొట్ట, బోర్దిన్ జుట్టు రంగు, కెమెరా ఏ వైపుంటే ఆ వైపు తిరిగే ఆయన గడ్డం, మంత్రిగారి ముందు వంగి వంగి నిటారుగా నిలబడడం మర్చిపోయిన నడుము. దొంగతనం సంగతి కూడా పెట్టింది, ఎవరి కోడినో తన గంప కింద పెట్టుకుని గుడ్లమ్ముకునే మనిషిలాగా. మంచి పని చేశాననుకుంది. ఇటు నవ్వించాను, అటు గుచ్చాను, పోస్టుకీ ఢోకా లేదు.

దాన్ని పట్టుకుని అచ్చు కొట్టుకి వెళ్ళింది. యూనివర్సిటీ పక్క సందులో రోజూ పాపిరోలు అచ్చేసే కొట్టు అది. నడిపేది మార్తా. నిచ్చెన మీంచి పడ్డ ఆ మార్తాయే. ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు, కౌంటరు వెనక ఎత్తు స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుంటుంది. బొమ్మలు కూడా తనే వేస్తుంది. ఇద్దరూ అప్పుడప్పుడు వీధిలో కలిసి వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళు. నిచ్చెన గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అడిగితే ఆ పిల్ల ఏం చెప్పాలి, చెబితే వాళ్ళ నాన్న ఏమవ్వాలి? ఓర్నెల్లా కోపంలో ఆ పిల్లకి వాటా లేదు.

"ఎవరికి టీచర్?" అంది మార్తా కాగితం అందుకుంటూ.

"బోర్దిన్‌కి."

మార్తా చదవడం మొదలుపెట్టింది. రెండో పద్యం దగ్గర మూతి బిగించుకుంది, నాలుగో దాని దగ్గర పకపకా నవ్వేసింది. యంత్రం దగ్గర ఉన్న పనివాణ్ణి పిలిచి జుట్టు రంగు పద్యం వినిపించింది. వాడు కౌంటరు పట్టుకుని మరీ నవ్వాడు.

"అదిరింది టీచర్. కడుపు నొప్పొచ్చింది," అంది కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత మామూలు గొంతుతో, "ఇది విన్నాక ఊరు ఆయన్ని ఇంకాస్త నెత్తికెక్కించుకుంటుంది," అంది.

"ఏమన్నావ్?"

"మరి కాదా? అంత పెద్దాయన, ఇన్ని పడ్డాడు, నవ్వుతూ పడ్డాడు అంటారు. కోడి సంగతి కూడా జోకులో కొట్టుకుపోద్ది. రేపెవరైనా ఆయన దొంగ అన్నారనుకోండి, అదంతా పాపిరోలోదేలే అంటారు."

ఓర్నెల్లా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె ఎన్ని వందల మంది పిల్లలకు చెప్పిన పాఠం ఇది. రోములో యుద్ధం గెలిచిన సేనాపతి లారెల్ కిరీటం పెట్టుకుని రథం మీద ఊరేగుతుంటే, వెనక సైనికులు ఆయన బట్టతల గురించీ, ఆయన పడకగది గురించీ బూతులు పాడుతూ నడిచేవాళ్ళు. ఎందుకు? ఆయన్ని అవమానించడానికి కాదు. దిష్టి తగలకుండా. అంత గొప్పతనం మీద ఎవరి కన్నూ పడకుండా, కాస్త బురద వాళ్ళే ముందుగా పూసేవాళ్ళు. మీరు వీధిలో చదివే పాపిరో ఆ పాటకి మనవరాలు అని ప్రతి ఏడూ చెప్పేది. చెప్పిందే కాని, తనకి వర్తిస్తుందని ఈ క్షణందాకా తోచలేదు. రెండు వారాలు కూర్చుని, పళ్ళు నూరుతూ, ఆమె చేసిందేమిటి? బోర్దిన్‌కి దిష్టి తీసింది.

ఆయన అడిగింది కూడా అదే. అందుకే ఆమెనే అడిగాడు. ఆవిడే నవ్వుతూ రాసిందంటే ఇంకెవరు ఏం మాట్లాడతారు?

"ఇటివ్వు," అంది. కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసింది.

"టీచర్, అచ్చేద్దాం అనుకుంటున్నా కదా."

"వేద్దువుగాని. రేపు ఇంకొకటి తెస్తాను. అందులో జోకులుండవు."

*

మర్నాడు తెచ్చింది. ప్రాసలు లేవు, పొట్ట లేదు, జుట్టు లేదు. సమాధి రాళ్ళ మీద రాసినట్టు పొట్టి పొట్టి వాక్యాలు. ఎవరు, ఎక్కడ, ఏం చేశారు. తిట్టు ఒక్కటి కూడా లేదు. ఒక తిట్టుంటే ఆయనకి దాక్కోవడానికి చోటు దొరుకుతుంది.

మార్తా చదివింది. ఈసారి నవ్వలేదు. తన పేరు దగ్గరికి వచ్చి ఆగింది, తన తండ్రి సంగతి ఉందేమో అని కిందికి వెతికింది. లేదు. 'ఒక సాక్షి' అని మాత్రం ఉంది.

"నా పేరు తియ్యమంటే తీస్తారా?" అంది.

"తీస్తాను. నువ్వు వద్దంటే మొత్తం తీస్తాను."

"తీస్తే మీరేం చేస్తారు?"

"నిన్న చింపిందే మళ్ళీ రాస్తాను. సెప్టెంబరులో నాకు లాటిన్ క్లాసు ఇస్తానన్నాడు."

మార్తా స్టూలు మీద చాచిన కాలు వైపు చూసింది. "ఇది వేస్తే క్లాసు రాదుగా మీకు."

"రాదు."

"మరెందుకు టీచర్? రెండేళ్ళు హాయిగా చెప్పుకోండి. ఆయన ఎటూ ముసలాడు, ఎన్నాళ్ళుంటాడు?"

"హాయిగా ఎలా చెప్పనే? ఆ గదిలోకి ఆయన తలుపు తీస్తే వెళ్ళాలి. ఒకసారి ఆయన చెప్పిందే నిజమయింది, నేను బయటికి పోయాను. ఇప్పుడు ఆయన దయవల్ల లోపలికి పోతే అది మళ్ళీ నిజమవుతుంది." ఆమె గొంతు పెంచలేదు. "నాకు లాటిన్ కావాలి. ఎంత కావాలో నీకు తెలీదు. కాని ఆయన మొహం అందరి ముందూ ఒక్కసారి మాడిపోవడం అంతకంటే ఎక్కువ కావాలి. మంచిదాన్ననుకుంటున్నావేమో, కాదు."

మార్తా ముక్కు ఎగబీల్చి కాగితం ముందుకు లాక్కుంది.

"అదొక్కటీ తప్పు రాశారు," అంది వేలు పెట్టి. "'నేను చూస్తాలే' అనలేదు ఆయన. మీరు అవతల ఉన్నారు, మీకు వినపడి ఉండదు. 'ఎక్కమ్మా, ఏం కాదు, నేను పట్టుకుంటాను' అన్నాడు."

ఓర్నెల్లా కలం తీసి దిద్దింది. బొమ్మ వెయ్యాలా అని మార్తా అడిగింది. పాపిరోకి బొమ్మ ఉండాలి కనక వేసింది. వికారంగా కాదు, ఉన్నదున్నట్టు: కోటు వేసుకున్న ఒక మనిషి, చెవి దగ్గర ఫోన్, వీపు చూపిస్తూ వెళ్ళిపోతున్నాడు.

*

పట్టా పుచ్చుకుని బోర్దిన్ బయటికి వచ్చేసరికి వీధి నిండిపోయి ఉంది. పాత స్కూలు పిల్లలు, టీచర్లు, కొత్త ప్రిన్సిపాల్, బోర్దిన్ భార్య, టీవీ కుర్రాళ్ళు, ఎవరిదో వేరే పట్టా కోసం వచ్చి ఆగిపోయిన జనం. ఆయన సూటు మీద తెల్ల దుప్పటి రోమన్ల పద్ధతిలో చుట్టుకున్నాడు. ఎర్ర రిబ్బన్ల లారెల్ కిరీటం కొంచెం పక్కకి ఒరిగింది, దాన్ని సర్దకుండా అలాగే ఉంచాడు, అలా అయితేనే ఫోటోలో బాగుంటుందని. పట్టా పుచ్చుకున్నవాణ్ణి డాక్టరుగారూ అంటూ ఆటపట్టించే బూతు పాట పిల్లలు ఎత్తుకున్నారు. ఆయన కూడా చేతులు ఊపుతూ పాడాడు.

మార్తా కాగితం చుట్ట విప్పి ఇచ్చి, వెనక్కి జరిగి జనంలో నిలబడింది. ఇద్దరు పిల్లలు రెండు అంచులూ పట్టుకుని ఆయన ఎదుట నిలబెట్టారు. ఒకడు సీసా పట్టుకుని పక్కన సిద్ధంగా నిలబడ్డాడు.

"ఇది రాసింది ఎవరో తెలుసా?" అన్నాడు బోర్దిన్ కెమెరా వైపు తిరిగి. "ఈ ఊళ్ళో అన్నిటికంటే పదునైన నాలుక. ఓర్నెల్లా, ఎక్కడున్నావ్? ముందుకు రా."

ఓర్నెల్లా ముందుకు వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"రెనాటో బోర్దిన్. పాత స్కూలు ప్రిన్సిపాల్." జనం ఊ కొట్టారు. "నవంబరులో ఒక గురువారం ఆయన పిల్లలతో వీధిలోకి వెళ్ళాడు. పాఠం ఆయనది కాదు." నవ్వులు. ఆయన కూడా నవ్వాడు, కనుబొమలు ఎగరేసి ఓర్నెల్లా వైపు వేలు ఊపాడు. "ఫోటో కోసం వెళ్ళాడు." ఇంకాస్త నవ్వులు. "అక్కడ ఒక నిచ్చెన ఉంది."

ఇక్కడ జోకు రావాలి. జనం నోళ్ళు సగం తెరుచుకుని ఎదురుచూశారు. బోర్దిన్ కళ్ళు కిందికి జారాయి. కింద ఉన్నదంతా ఒక్క చూపులో చదివేశాడు, ఎంతయినా ఆ విద్య వచ్చినవాడు. మొహంలో నవ్వు అలాగే ఉంది, దాన్ని తియ్యడం మర్చిపోయినట్టు.

"చాలా పొడుగుందే," అన్నాడు. "మిగతాది భోజనాల దగ్గర చదువుకుందాం."

ఆయన అలా అనకుండా ఉండాల్సింది. పాపిరో మధ్యలో ఆపినవాణ్ణి పాదువా జనం వదిలిన దాఖలా లేదు. "చదవాలి, చదవాలి" అని పిల్లలు లయగా చప్పట్లు మొదలుపెట్టారు. వాళ్ళకేం తెలుసు పాపం, సరదా అనుకున్నారు. కొత్త ప్రిన్సిపాల్ కూడా చప్పట్లు కలిపాడు. "కానివ్వండి సార్, పట్టా ఊరికే వస్తుందా," అన్నాడు. కెమెరా దగ్గరికి జరిగింది. పిల్లల్తో సమానంగా వీధిలో నిలబడతానని ఆదివారం టీవీలో చెప్పుకున్నది ఆయనే.

చదివాడు. గొంతు తగ్గించి, తొందర తొందరగా, మింగేస్తూ.

"పదో క్లాసు పిల్ల మార్త... మార్తా ఫవ్..."

"తడబడ్డాడు," అని అరిచాడు సీసావాడు సంబరంగా, మూతి దగ్గర పెట్టాడు. ఆయన తాగక తప్పలేదు. సగం గడ్డం మీదుగా దుప్పటి మీద పడింది. మళ్ళీ చదవమన్నారు. పేరు తప్పు లేకుండా మొత్తం చదివించారు.

"మార్తా ఫవరెత్తోని ఆయన పిలిచాడు. నిచ్చెన ఎక్కమన్నాడు. నిచ్చెన ఆయన పట్టుకున్నాడు. ఫోన్ మోగింది. వదిలేశాడు."

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. వెనకెక్కడో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, వాళ్ళూ ఆగిపోయారు. చప్పట్లు కొట్టిన పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బోర్దిన్ భార్య ముందుకు అడుగు వేసి, కెమెరాని చూసి ఆగింది. తిట్లుంటే బోర్దిన్ నవ్వేసేవాడు. బూతులుంటే భుజం తట్టేవాడు. ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు.

"పిల్ల పడింది. విచారణలో ఆయన గదిలో ఉన్నానన్నాడు. ఒక సాక్షి ఔనన్నాడు. టీచరు ఓర్నెల్లా కల్లెగారోని పంపేశారు. ఆమె పాఠాలు ఆయన టీవీలో చెప్పాడు. నేటికీ చెబుతున్నాడు. పిల్లతో ఆ రోజు ఆయన అన్న మాట ఇది."

ఆపేశాడు. ఇంకొక్క వాక్యం ఉంది. కాగితం పట్టుకున్న పిల్లల్లో ఒకడు తల పక్కకి వంచి ఆ వాక్యం చదువుకుని, కాగితం ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఇది పాపిరో కాదు," అన్నాడు బోర్దిన్. "ఇది అబద్ధం. కళ్ళజోడు లేదు నాకు."

కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

జనం పక్కకి తప్పుకున్నారు. మార్తా ఒక కాలు ఈడుస్తూ వచ్చి ఆయన పక్కన నిలబడింది. కాగితం వైపు చూడలేదు. ఆ వాక్యం ఆమెకు చూడాల్సిన అవసరం లేదు.

"'ఎక్కమ్మా, ఏం కాదు, నేను పట్టుకుంటాను' అన్నారు మీరు," అంది. "నేను ఎక్కాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ పాట ఎత్తలేదు. పట్టా పుచ్చుకున్నవాడి పాపిరో అయిపోయాక పాట లేకపోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు. కొత్త ప్రిన్సిపాల్ మెల్లగా వెనక్కి జరిగి జనంలో కలిసిపోయాడు. సీసావాడు మూత పెట్టేశాడు.

ఓర్నెల్లా బోర్దిన్ మొహం తనివితీరా చూసింది. జాలి వస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూసుకుంది, రాలేదు. పన్నెండేళ్ళు లోపల కుతకుతలాడినది చల్లారుతుంటే ఒంట్లో ఎంత హాయిగా ఉందో దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆయన కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు. దుప్పటి ఎక్కడ విప్పాలో తెలియక, దానితోనే కారు వైపు నడిచాడు. ఆమె పక్కనుంచి వెళుతూ ఆగాడు.

"సెప్టెంబరులో నీకు క్లాసు వచ్చేది, ఓర్నెల్లా," అన్నాడు మెల్లగా. "అంతా మాట్లాడేసి ఉంచాను. ఇప్పుడు చచ్చేదాకా నువ్వు లాటిన్ చెప్పలేవు."

ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ని ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు, నువ్వు అనలేదు.

"నాకు తెలుసు రెనాటో," అంది. "నువ్వు చదివింది, అది తెలిసే రాశాను."